నార్ఫోక్ కిక్కిస వనములలో ఒక శలభము

ఇంగ్లండు తూర్పు తీరమున నార్ఫోక్ అను కౌంటీ కలదు; కౌంటీ యనగా రమారమి మన జిల్లావంటి విభాగము. అచ్చట సముద్రమునకు చేరువలో ‘బ్రాడ్స్’ అని పేరుగాంచిన లోతులేని సరస్సులును, మందగమనమున సాగు నదులును, చుట్టును విశాలమైన చిత్తడినేలలును వ్యాపించియున్నవి. చిరకాలము ప్రకృతిసిద్ధములని యెల్లరు నమ్మిన ఈ సరస్సులు, నిజమునకు మధ్యయుగములలో జనులు పొయ్యిలోనికి పీట్ అను నల్లని మొక్కల మన్నును త్రవ్వి తీయగా మిగిలిన గోతులేయనియు, 14వ శతాబ్దిలో నీరు పొంగివచ్చి వానిని ముంచివేసెననియు జాయిస్ లాంబర్ట్ అను వృక్షశాస్త్రజ్ఞురాలు తన సహచరులతో కలిసి 1950 దశకమున నిరూపించెను. ఆ గోతుల యొడ్డుల నాక్రమించి మనిషి యెత్తును మించి పెరుగు గడ్డి, మన కొల్లేటివారు కిక్కిస యని పిలుచు గడ్డికి దగ్గరి బంధువు. దానిలోనే పుట్టి, దానినే తిని, దాని వన్నెనే ధరించి జీవించు శలభమొకటి యున్నది. మనము చిమ్మట యని తేలికగా తోసిపుచ్చు జాతిలోనిదే యది.

దాని పేరు ఫెన్స్ వెయిన్‌స్కాట్. 1864లో శాస్త్రలోకమునకు దీనిని తొలుత వర్ణించిన చార్ల్స్ ఫెన్ పేరే దీనికి నిలిచినది. ఆతనికిది దొరికినది రాన్‌వర్త్ గ్రామము చెంతనున్న చిత్తడినేలలో. నాటినుండి నేటివరకును బ్రిటనులో దీని ముఖ్యనివాసములు నార్ఫోక్ బ్రాడ్స్, పొరుగున సఫోక్ తీరపు కిక్కిస పొదలు, ఈ రెండే. శీతకాలమంతయు గ్రుడ్డు దశలోనే గడపి, వసంతమున గ్రుడ్డు పగిలి వెలువడిన గొంగళిపురుగు మొదట పచ్చికాడలోపల దొలుచుకొని తినును. కొంత పెరిగిన పిమ్మట పగటివేళ పాత కాడల డొల్లలలో దాగియుండి, రాత్రులయందు వెలికివచ్చి ఆకులను తినును. జూలై ఆగస్టు మాసములలో రెక్కలు దాల్చి సంధ్యవేళ పొదలమీద తిరుగాడును. ఎండుకాడల డొల్ల దీని గృహమన్న సంగతి పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. దానితో మున్ముందు పనియున్నది.

దీనిని గుర్తించుట యెట్లు? బ్రిటనులో రమారమి 2,500 శలభజాతులు కలవు. వానిలో ‘వెయిన్‌స్కాట్’ అను పేరుగల సమూహము పెద్దది. అందలి జాతులు పెక్కు చిత్తడినేలలలోను గడ్డినేలలలోను నివసించునవే, పెక్కు ఎండుగడ్డి రంగుననే యుండునవే. ఒకే రాత్రి, ఒకే దీపమునకు, వీనిలో నాలుగైదు జాతులు కలగలిసి వచ్చి వ్రాలును. ఫెన్స్ వెయిన్‌స్కాట్ పై రెక్క ఇసుక గోధుమ వన్నె, దానిపై చల్లినట్లు నల్లని నలుసులు, రెక్క వెలుపలివైపున నల్లచుక్కల వరుసలు, రెక్క మొదట పొట్టి నల్లగీత. ఈ గీతయే దీని ముఖ్యలక్షణమని గ్రంథములు చెప్పుచున్నవి. కామన్ వెయిన్‌స్కాట్ అను దానికి వెనుక రెక్కలు స్వచ్ఛమైన తెలుపు. స్మోకీ వెయిన్‌స్కాట్ అను దానికి వెనుక రెక్కలు బూడిదవన్నె, పై రెక్క నడిమి నరము వెంబడి దీర్ఘముగా సాగిన నల్లచార. ఇంతవరకును పని సులభముగానే తోచును. కాని ఫెన్స్ వెయిన్‌స్కాట్‌లోనే ఆ నల్లగీత బొత్తిగా లేని రూపమొకటి యున్నది! ముఖ్యలక్షణమే లోపించిన ప్రాణిని మిగిలిన చిన్న గుర్తుల సాక్ష్యముపైననే నిర్ణయింపవలయును. ఆగస్టు చివరికి రెక్కలపైని పొడి రాలి చుక్కలును మాసిపోయినచో, కంటిచూపు చాలక, మృతదేహమును సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించి జననాంగముల నిర్మాణమునుబట్టి జాతిని తేల్చువారున్నారు.

శలభములను రప్పించుటకు పూర్వము బెల్లపు పాకమును మద్యమును కలిపి చెట్లకు పూసెడివారు. ఆ పద్ధతి యిప్పటికిని మాసిపోలేదు. 1950లో రాబిన్‌సన్ సోదరులు పాదరసపు ఆవిరిదీపముతో ఒక బోనును రూపొందించిన తరువాత పరిశీలన స్వరూపమే మారెను. దీపకాంతికి వచ్చిన శలభములు గరాటుగుండా లోనికి జారి, అందు పేర్చిన కోడిగ్రుడ్ల అట్టలలో ఒదిగి తెల్లవార్లు నిశ్చలముగా నుండును. ఉదయమున ఒక్కొక్క అట్టను మెల్లగా ఎత్తి, జాతిని గుర్తించి, లెక్కించి, పక్షుల కంటబడకుండ పొదలలో విడిచిపెట్టుదురు.

చూచుట సగము పనియే. వ్రాయుట మిగిలిన సగము. ఏ జాతి, ఏ చోటు, ఏ తేదీ, ఎవరు చూచిరి — ఈ నాలుగింటిలో ఏ యొక్కటి కొరవడినను ఆ నమోదునకు విలువ లేదు. చోటును చెప్పుటలో ఆంగ్లేయులు చూపిన దూరదృష్టి నాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపినది. పరిపాలనకై కౌంటీల హద్దులు మాటిమాటికి మారుచుండుటచే, నూరేండ్లనాటి నమోదును నేటి నమోదుతో పోల్చుట అసాధ్యమగునని గ్రహించి, హ్యూయెట్ కాట్రెల్ వాట్సన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1852లో గ్రేట్ బ్రిటనును ఎన్నటికిని మారని 112 ఉపకౌంటీలుగా విభజించెను. నార్ఫోక్ కౌంటీ తూర్పు రేఖాంశము 1 డిగ్రీవద్ద రెండుగా చీలి, తూర్పు నార్ఫోక్ 27వ సంఖ్యను, పశ్చిమ నార్ఫోక్ 28వ సంఖ్యను పొందినవి. ప్రభుత్వములు మారినను, హద్దురాళ్ళు కదలినను, ప్రకృతి పరిశీలకులకు ఆ గీతలు మాత్రము కదలలేదు. 2022లో ఆంధ్రప్రదేశమున 13 జిల్లాలు 26 అయినవి. తెలంగాణమున 10 జిల్లాలు నేడు 33గా నున్నవి. తూర్పుగోదావరి జిల్లాలో ఫలానా పురుగు దొరికినదని ఏబదియేండ్లక్రింద ఎవరైన వ్రాసియుండినచో, అది నేటి యే జిల్లాకు చెందునో చెప్పుట ఎంత కష్టము! మన ప్రాంతమున శలభములను పరిశీలించు యువకులు జిల్లా పేరుతో తృప్తిపడక, ఊరి పేరును, అక్షాంశ రేఖాంశములను తప్పక వ్రాసియుంచవలయునని నా మనవి.

అట్లు వ్రాసిన నమోదు కౌంటీ శలభ నమోదుదారు చేతికి చేరును. సాధారణముగా జీతభత్యములు లేక, అభిరుచి కొలది ఆ భారము వహించువారీ నమోదుదారులు. తోటలో సర్వసాధారణముగా కనబడు జాతియైనచో మాటమీద అంగీకరింతురు. ఫెన్స్ వెయిన్‌స్కాట్ వంటిదైనచో ఛాయాచిత్రమును, అదియు చాలనిచో నమూనాను అడుగుదురు. తన మాటను శంకించిరని చూచినవాడు కినియరాదు. సందేహమునకు తావిచ్చిన నమోదును పక్కనపెట్టుటవలన ఒక్క శలభమునకే నష్టము. పొరపాటు నమోదు పట్టికకెక్కినచో ఆ జాతి లేనిచోట ఉన్నదని తరతరములు నమ్ముదురు. దీపమునకు వచ్చిన ఒంటరి శలభము గాలికి ఎగిరివచ్చిన బాటసారి కావచ్చును. కాడలో దొరికిన గొంగళిపురుగు మాత్రము అది ఆ పొదలోనే పుట్టినదని సాక్ష్యమిచ్చును. అందుచే దశను కూడ వ్రాయుట మేలు. ఇట్టి చిన్నచిన్న నమోదులే 2,50,00,000కు పైగా కూడి, బ్రిటను ఐర్లండుల పెద్ద శలభముల పటగ్రంథముగా 2019లో వెలువడెను.

ఇంత శ్రమ యేలయని అడుగువారికి కిక్కిస పొదయే సమాధానము. నార్ఫోక్ కిక్కిస ఇండ్ల కప్పులకు ప్రసిద్ధము. శీతకాలమున దానిని కోసి మోపులు కట్టుదురు. కోయక విడిచినచో పొదలో ఎండుచెత్త పేరుకొని, నేల మెరకవేసి, క్రమముగా చెట్లు మొలచి చిత్తడి అంతరించును. కావున కోత అవసరమే. కాని యేటేటా అంతటను కోసినచో గ్రుడ్లును, పురుగు దాగు ఎండుకాడలును మోపులతోపాటు తరలిపోవును. సముద్రము మరియొక భయము: 1938 ఫిబ్రవరిలో హార్సీ గ్రామమువద్ద కట్టలు తెగి ఉప్పునీరు మంచినీటి చిత్తడులను ముంచెను, 1953 జనవరి 31 రాత్రి వచ్చిన ఉప్పెన ఇంగ్లండులో 307 మంది ప్రాణములను బలిగొనెను. సముద్రమును ఆపుట పరిశీలకుని చేతిలో లేదు. కోతను క్రమపరచుట మాత్రము సాధ్యము: పొదను మళ్ళుగా విభజించి, ఒక మడిని కోసిన యేడు దాని పొరుగుమడిని కదలింపక విడిచి, మరుసటి యేడు వంతు మార్చుదురు. ఏ మడిని విడువవలయునో నిర్ణయించు వేళ, ఏ చోట, ఏ తేదీన, ఏ దశలో ఆ గోధుమవన్నె శలభము కనబడినదో తెలుపు నమోదే సంరక్షకునకు ఆధారము.