‘డేవిట్’ శబ్దార్థవిచారము

పదములు నాలుగు విధములని నైయాయికుల మతము. అవయవార్థము వలననే బోధకమగునది యౌగికము. ‘పాచక’ శబ్దము దీనికి ఉదాహరణము. అవయవార్థముతో నిమిత్తము లేక సముదాయశక్తిచే బోధకమగునది రూఢము, ‘గో’ శబ్దమిట్టిది. ఆ రెండును కలసి ఒకే అర్థమును నియమించునది యోగరూఢము; ‘పంకజ’ శబ్దము సుప్రసిద్ధము. అవి వేర్వేరుగా వేర్వేరు అర్థములను బోధించునది యౌగికరూఢము. ‘ఉద్భిద్’ శబ్దమునిట్లు చెప్పుదురు. ఈ విభాగము ప్రాచీనగ్రంథ పఠనమునకే గాక, ఆధునిక శాస్త్రపదములను తెనిగించుటకును ఉపకరించును. నౌకాశాస్త్రమునందలి ‘డేవిట్’ అను చిన్న పదము ఇందులకు మంచి నిదర్శనము.

మొదట పదార్థ స్వరూపము. ఓడ పై అంతస్తున అంచునకు చేరువగా నాటబడి, అవసరమైనపుడు వెలుపలికి చాచదగిన ఉక్కు బాహువు డేవిట్. దాని కొననుండి కప్పీల మీదుగా మోకులు వ్రేలాడును. రక్షణపడవకు ముందొకటి, వెనుకొకటిగా ఇవి సాధారణముగా జంటగా నుండును. పడవను ఎత్తి, ఓడ అంచును దాటించి, నీటి మీదికి దింపుట, మరల పైకి లాగుట వీని పని. రక్షణపడవలకు మాత్రమే గాక, లంగరు కొక్కెమును పైకెత్తుటకును, సరకులను ఓడలోనికి చేర్చుటకును చిన్న డేవిట్లు కలవు.

ఇక వ్యుత్పత్తి. డేవిట్ అనునది ‘దావీదు’ అను పురుషనామమునకు ప్రాచీన ఫ్రెంచి భాషయందలి అల్పార్థక రూపము నుండి పుట్టి, మధ్యయుగములందే ఆంగ్లమున ప్రవేశించినది. దీనికి సజాతీయములైన పదములు రెండు కలవు. ‘డెరిక్’ అనునది సుమారు 1600 ప్రాంతమున లండనులో ఉరి తీయు తలారిగా నుండినవాని పేరు. అది మొదట ఉరికొయ్యకును, పిదప దానిని పోలిన ఎత్తుడు కొయ్యకును చెల్లినది. ‘క్రేన్’ అనునది కొంగజాతి పక్షి పేరు. పొడవైన మెడను చాచి వంచు పక్షితో సాదృశ్యముచే యంత్రమునకు ఆ పేరు వచ్చినది; గ్రీకు భాషయందును పక్షికి, యంత్రమునకు ఒకటే శబ్దము. క్రేన్ శబ్దమున గౌణీవృత్తి నేటికిని స్ఫురించును. డేవిట్, డెరిక్ శబ్దములందు మూలార్థము పూర్తిగా మరుగుపడినది. అవి శుద్ధరూఢములు.

తెనిగించువారికి చిక్కు ఇక్కడనే కలుగుచున్నది. ‘భారోత్తోలకము’ అని యౌగికపదమును కల్పించినచో అతివ్యాప్తి. రేవుగట్టున తిరుగు క్రేన్, ఓడ కొయ్యకు మొదట బిగింపబడి సరకుల గదినుండి మూటలనెత్తు డెరిక్, కడకు పొలములోని ఏతము సైతము ఆ పదమునకు అర్థములగును. ఆ దోషమునకు వెరచి ‘రక్షణనౌకావతరణయంత్రము’ అన్నచో దోషద్వయము. లంగరు డేవిటును, సరకుల డేవిటును ఇందు చేరవు గనుక అవ్యాప్తి. కొన్ని ఓడల వెనుకభాగమున ఏటవాలు పట్టాలపై నుండి పడవ తనంత తానే జారి సముద్రమున దూకు ఏర్పాటు కలదు. అది డేవిట్ కాకున్నను ఈ పదమున చేరును గనుక అతివ్యాప్తి. అమరకోశమునందలి వారివర్గమున కూపకము, క్షేపణి, కేనిపాతకము మున్నగు నౌకాంగనామములు కలవు గాని ఈ యంత్రమునకు తగిన నామము లేదు.

ఈ విచారము పండితవినోదము మాత్రమే కాదు. 1894 నాటి బ్రిటిషు నౌకాచట్టము ననుసరించిన నియమములు ఓడ టన్నుల పరిమాణమును బట్టి ‘డేవిట్ల క్రింద’ ఉంచవలసిన పడవల కనీససంఖ్యను చెప్పినవి. 10,000 టన్నులకు పైబడిన ఓడ ఎంత పెద్దదైనను ఆ సంఖ్య 16. టైటానిక్ 46,000 టన్నులకు మించిన ఓడ. దానికి డేవిట్ల క్రింద 16 పడవలు, అవి గాక మడత పడవలు 4 ఉండినవి. నియమము నెరవేరినది. కాని ఆ 20 పడవలలో చోటు 1,178 మందికే. 1912 ఏప్రిలులో ఓడలో నున్నవారు సుమారు 2,200 మంది. సుమారు 1,500 మంది మరణించిరి. ఆ ఓడ డేవిట్లు ఒక్కొక్క జత ఒకటి కంటె ఎక్కువ పడవలను దింపగల నిర్మాణము గలవి. లోపము యంత్రమున లేదు, వాక్యార్థగ్రహణమున కలదు.

సోమపాత్రను తుడువవలెనను విధియందు ఏకవచనమున్నను, సంస్కార్యములైన పాత్రలు ప్రధానములు గనుక అన్నింటిని తుడువవలెనని మీమాంసకుల నిర్ణయము. ఇదియే గ్రహైకత్వన్యాయము. నౌకానియమమున రక్షింపదగిన ప్రాణులు ప్రధానము, డేవిట్ సాధనము. సాధనసంఖ్యయే విధేయమని గ్రహించుటచే ప్రధానము విడువబడినది. 1914లో లండనున జరిగిన అంతర్జాతీయ ఒడంబడికయందు ఓడలోని వారందరికిని పడవలలో చోటుండవలెనను సిద్ధాంతము అంగీకరింపబడినది. నేటి నియమములు యంత్రము యొక్క కార్యమునే చెప్పుచున్నవి: ఓడ ఒక ప్రక్కకు 20 డిగ్రీలు, ముందు వెనుకలకు 10 డిగ్రీలు ఒరిగినను, ఓడ విద్యుత్తుతో పనిలేక, గురుత్వముచే గాని నిలువయున్న యాంత్రికశక్తిచే గాని పడవ దిగవలెను.

కావున ‘డేవిట్’ శబ్దమును రూఢముగనే గ్రహించుట యుక్తము. పారసీకమునుండి వచ్చిన ‘లంగరు’ తెలుగున అన్యదేశ్యమై స్థిరపడలేదా? 1948లో ‘జల ఉష’ జలప్రవేశము చేసిన విశాఖతీరమున ఓడల మాటలు తెలుగువారికి పరాయివి కావు. పదమును మార్చుటకంటె లక్షణమును సరిగా చెప్పుట ముఖ్యము. ‘ఓడ అంచున నిలిచి, భారమును అంచు దాటించి దింపుటకును ఎత్తుటకును ఏర్పడిన బాహువు డేవిట్’ అన్నచో స్థానముచే డెరిక్ నుండియు, రేవు క్రేన్ నుండియు, బాహుత్వముచే జారుడు పట్టాల నుండియు వ్యావృత్తి సిద్ధించును. పారిభాషిక నిఘంటువులు కూర్చువారు పదమునకు ఎదురుగా పదమును మాత్రమే వ్రాయక, ఇట్టి లక్షణవాక్యమును చేర్చినచో అధ్యేతలకును, అనువాదకులకును, ఆ నియమములను చదివి పని చేయువారికిని మేలు కలుగును.