కోటి రూపాయల రైఫిల్‌లో అసలేముంది? చేత్తో చేసే వేట తుపాకుల సంగతి

2021లో శాంసంగ్ గెలాక్సీ జెడ్ ఫ్లిప్ 3కి 'బెస్పోక్ ఎడిషన్' అని ఒకటి తెచ్చింది, గుర్తుందా? ఫ్రేమ్ కలర్, ముందు ప్యానెల్, వెనక ప్యానెల్ మనమే ఎంచుకోవచ్చు. మొత్తం 49 కాంబినేషన్లు. చూడ్డానికి బాగానే ఉండేది. కానీ లోపల చిప్ అదే, బోర్డ్ అదే, బ్యాటరీ అదే. రంగు ఒక్కటే మనది.

ఈ 'బెస్పోక్' అనే మాటని చాలా సీరియస్‌గా తీసుకునే ఇండస్ట్రీ ఒకటుంది: ఇంగ్లండ్‌లో వేట తుపాకులు తయారుచేసే పాత కంపెనీలు. బర్మింగ్‌హామ్‌లో వెస్ట్లీ రిచర్డ్స్ (1812), లండన్‌లో పర్డీ (1814), హాలండ్ అండ్ హాలండ్ (1835), డబ్లిన్‌లో పుట్టి లండన్ చేరిన రిగ్బీ. ఇవన్నీ ఇప్పటికీ నడుస్తున్నాయి. వీళ్ళ దగ్గర రెండు బ్యారెళ్ళ వేట రైఫిల్ కొత్తది ఆర్డర్ చేస్తే లక్ష పౌండ్లు దాటుతుంది. మన లెక్కలో కోటి రూపాయల పైమాటే. డెలివరీకి రెండేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

ముందే చెప్తున్నా, నాకు తుపాకీ లైసెన్స్ లేదు, వేట మీద మోజు అంతకన్నా లేదు. నేను ఫోన్లు, హెడ్‌ఫోన్లు రివ్యూ చేసుకునేవాణ్ణి. కానీ ఏ వస్తువైనా పక్కదానికంటే వంద రెట్లు ధర చెప్తే ఎందుకని అడగడం నా పని. అందుకే ఈ టాపిక్ తీశాను.

స్పెక్ షీట్‌లో ఇది ఓడిపోతుంది

మొదట నంబర్లు చూద్దాం. ఫిన్లాండ్‌లో తయారయ్యే టిక్కా టీ3ఎక్స్ మామూలు ఫ్యాక్టరీ రైఫిల్. 100 గజాల దూరంలో మూడు తూటాలు ఒక్క అంగుళం లోపల పడతాయని కంపెనీయే గ్యారంటీ ఇస్తుంది. ధర ఆ లండన్ రైఫిల్‌లో సుమారు వందో వంతు.

మరి కోటి రూపాయల డబుల్ రైఫిల్? దాన్ని సాధారణంగా 50 గజాలకే సెట్ చేస్తారు. ఆ దూరంలో రెండు బ్యారెళ్ళ తూటాలు రెండంగుళాల్లో పడితే బాగున్నట్టే. పెద్ద క్యాలిబర్ అయితే బరువు నాలుగున్నర, ఐదు కిలోల దాకా ఉంటుంది. రెండు తూటాలే పడతాయి.

అంటే యాక్యురసీ కోసం ఇంత డబ్బు పెట్టేవాళ్ళు ఎవరూ లేరన్నమాట. ధర వెనక వేరే లెక్క ఉంది.

రెండు బ్యారెళ్ళు, ఒకే గురి

నాకు బాగా నచ్చిన భాగం ఇదే. పక్కపక్కన ఉన్న రెండు బ్యారెళ్ళని సమాంతరంగా బిగిస్తే రెండూ ఒకే చోట కొడతాయని అనుకుంటాం కదా? కొట్టవు. కుడి బ్యారెల్ పేలినప్పుడు, తూటా ఇంకా గొట్టం దాటకముందే రైఫిల్ మొత్తం కొంచెం కుడికి, పైకి తిరుగుతుంది. ఎడమది పేలితే ఎడమకి. అందుకే రెండు బ్యారెళ్ళనీ ముందువైపు ఒకదానికొకటి కొద్దిగా దగ్గరయ్యేలా బిగించాలి. ఎంత కొద్దిగా? ఏ ఫార్ములా అయినా అంచనా వరకే చెప్తుంది, చివరి మాట కాల్చి చూస్తేనే తెలుస్తుంది.

దీనికోసమే 'రెగ్యులేటర్' అనే మనిషి ఉంటాడు. రెండు బ్యారెళ్ళ కొసల మధ్య చిన్న ఆప్పు పెట్టి, టంకంతో అతికిస్తాడు. టార్గెట్ మీద కాలుస్తాడు. తూటాలు ఎడంగా పడితే టంకం కరిగించి, ఆప్పుని వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ అతికించి, మళ్ళీ కాలుస్తాడు. రెండూ ఒక్క చోటికి వచ్చేదాకా ఇదే పని.

ఇంకో మెలిక ఉంది. ఈ సెట్టింగ్ ఒక్క రకం తూటాకే పనిచేస్తుంది. తూటా బరువు మారినా, వేగం మారినా మళ్ళీ గురి చెదురుతుంది. మన భాషలో చెప్పాలంటే ఇది ఫ్యాక్టరీ క్యాలిబ్రేషనే. కాకపోతే అప్‌డేట్‌తో సరిచేసుకునే వీలు లేదు. సరిచేయాలంటే రైఫిల్ మళ్ళీ ఆ మనిషి చేతికే వెళ్ళాలి.

మసి అబద్ధం చెప్పదు

ఫోన్ ఫ్రేమ్‌కీ గ్లాస్‌కీ మధ్య సందు లేకపోతే 'బిల్డ్ క్వాలిటీ సూపర్' అని రాసేస్తాం. ఈ వర్క్‌షాపుల్లో ఆ సందుని చెక్ చేసే పరికరం ఒక చిన్న నూనె దీపం.

ఇనుప భాగాన్ని దీపం మీద పెట్టి మసి పట్టిస్తారు. దాన్ని దాని జోడీ భాగంలో కూర్చోబెట్టి బయటికి తీస్తారు. ఎక్కడ తగిలిందో అక్కడ నల్లటి మచ్చ పడుతుంది. ఆ మచ్చని మాత్రమే ఆకురాయితో రాస్తారు. మళ్ళీ మసి, మళ్ళీ కూర్చోబెట్టడం, మళ్ళీ రాయడం. ఆనే చోటల్లా ఒకే తీరుగా మసి అంటుకునేదాకా ఆపరు. లోపలి ఇనుముకి చెక్కని అమర్చేటప్పుడూ ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ ఆకురాయి బదులు ఉలి.

బ్యారెళ్ళ పని ఒకరిది, యాక్షన్ ఒకరిది, చెక్క పని ఒకరిది, నగిషీ ఒకరిది, ఫినిషింగ్ ఇంకొకరిది. ఒక్కో విద్య నేర్చుకోడానికి అప్రెంటిస్‌గా ఏళ్ళు పడుతుంది. వాల్‌నట్ చెక్కని కోశాక ఏళ్ళ తరబడి ఆరనిచ్చి గానీ వాడరు. పైన మెరుపు వార్నిష్ వల్ల వచ్చింది కాదు. అవిసె నూనె పలచగా రాసి, ఆరనిచ్చి, మళ్ళీ రాస్తూ వారాల తరబడి తెప్పించిన మెరుపు.

చివర్లో సర్టిఫికేషన్ కూడా ఉంది. బ్రిటన్‌లో ఏ తుపాకీ అయినా అమ్మే ముందు ప్రూఫ్ హౌస్‌కి వెళ్ళాలి. అక్కడ మామూలుకంటే ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటా పేల్చి చూస్తారు. తట్టుకుంటే ముద్ర వేస్తారు. లండన్‌లో ఈ బాధ్యత చూసే గన్‌మేకర్ల సంఘానికి 1637లో రాజు చార్టర్ ఇచ్చాడు. మన ఐపీ68 రేటింగ్‌కి ముత్తాత అనుకోండి.

కొలతలిచ్చి కుట్టించుకున్నట్టు

కస్టమర్‌కి మొదట ఇచ్చేది 'ట్రై గన్'. దాని చెక్క భాగం కీళ్ళు పెట్టినట్టు అన్ని వైపులా కదులుతుంది. మీ చెయ్యి పొడవు, మెడ, దవడ ఎముక, ఏ కంటితో గురి చూస్తారు, అన్నీ చూసి దాన్ని అడ్జస్ట్ చేస్తారు. టార్గెట్ ఒక్కటే: కళ్ళు మూసుకుని రైఫిల్ భుజానికెత్తి, కళ్ళు తెరిస్తే గురి ఇప్పటికే కుదిరి ఉండాలి. ఆ కొలతలు తీసుకుని అసలు చెక్కని చెక్కుతారు.

పొదలోంచి ఎలుగో, గేదో మీదికి దూకితే టైమ్ ఉండేది ఒకటి రెండు సెకన్లు. అప్పుడు 100 గజాల యాక్యురసీ దేనికీ పనికిరాదు. స్పెక్ షీట్‌లో ఓడిపోయిన రైఫిల్ గెలిచేది ఇక్కడే.

ఇంకో కారణం బ్యాకప్. డబుల్ రైఫిల్‌లో బ్యారెళ్ళు రెండు, వాటిని పేల్చే లాక్‌లు రెండు, సాధారణంగా ట్రిగ్గర్లూ రెండే. ఒకటి ఫెయిలైనా రెండోది దానితో సంబంధం లేకుండా పనిచేస్తుంది. ఒక్కమాటలో ఒకే చెక్కకి బిగించిన రెండు రైఫిళ్ళు.

వెస్ట్లీ రిచర్డ్స్ ఇంకో అడుగు ముందుకేసింది. 1897లో పేటెంట్ చేసిన 'డ్రాప్‌లాక్'లో కింది మూత తెరిస్తే రెండు లాక్‌లూ చేతికి ఊడి వస్తాయి. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. అడవుల్లో నెలల తరబడి తిరిగేవాళ్ళు స్పేర్ లాక్‌లు కూడా ఆర్డర్ చేసుకునేవాళ్ళు. రిమూవబుల్ బ్యాటరీలు పోయాయని బాధపడే మనకి ఈ ఫీచర్ విలువ వేరే చెప్పాలా?

ఇండియా ఎండ, ఇండియా రూల్స్

ఈ రైఫిళ్ళ డిజైన్ మీద మన దేశం ప్రభావం చాలా ఉంది. అప్పట్లో వాడిన కార్డైట్ మందు ఎండకి వేడెక్కితే ఒత్తిడి పెరిగిపోయేది. పేలిన గుల్ల గదిలో ఇరుక్కుంటే రెండో తూటా వేయలేరు. అందుకే వేడి దేశాల కోసం మందు తగ్గించిన 'ట్రాపికల్' తూటాలు వచ్చాయి. 1911లో రిగ్బీ తెచ్చిన .416 తూటా గుల్ల అంత పెద్దగా ఉండడానికి కారణం కూడా ఒత్తిడిని తక్కువలో ఉంచడమే. ఇప్పటి భాషలో థర్మల్ మేనేజ్‌మెంట్.

రూల్స్ సంగతీ అంతే. 20వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలో .450 క్యాలిబర్ స్పోర్టింగ్ రైఫిళ్ళని నిషేధించింది. మార్టిని హెన్రీ మిలిటరీ రైఫిళ్ళు వాడేది అదే సైజు తూటా కాబట్టి, అవి తిరుగుబాటుదార్ల చేతికి పోతాయని భయం. మంచి మార్కెట్ పోతుందని గన్‌మేకర్లు వెంటనే కొత్త సైజులు తీశారు: .465, .470, .475, .476. ఈ రోజుకీ ఆఫ్రికాలో వాడే .470 పుట్టింది అలాగే.

ఇంకో అపోహ కూడా తీర్చేద్దాం. పాత తుపాకుల మీద అలలు అలలుగా కనిపించే 'డమాస్కస్' బ్యారెళ్ళు మన కోనసముద్రం ఉక్కుతో చేసినవని కొందరు అనుకుంటారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్ళిన మాట నిజమే, కత్తులకి అది పేరుమోసింది కూడా. కానీ 19వ శతాబ్దపు డమాస్కస్ బ్యారెళ్ళు వేరు. ఇనుము, ఉక్కు పట్టీలని మెలిపెట్టి, చుట్టి, కలిపి కొట్టినవి అవి. పేరొకటే, పద్ధతి వేరు.

మరి ఇదంతా నిజంగా చేత్తోనేనా?

పూర్తిగా కాదు, ఈ విషయం దాచాల్సిన పనీ లేదు. ఈ రోజు పెద్ద కంపెనీలన్నీ సీఎన్‌సీ మెషిన్లు వాడుతున్నాయి. ఉక్కు దిమ్మని దాదాపు తుది ఆకారానికి మెషినే తెస్తుంది. ఒకప్పుడు వారాలు పట్టిన ఆకురాయి పని అలా తగ్గింది. మనిషి చెయ్యి మొదలయ్యేది ఆ చివరి కొసరు దగ్గర: అమరిక, రెగ్యులేషన్, చెక్క, నగిషీ. ఈ కొసరు కోసమే వందల గంటలు పోతాయి.

పాత రోజుల్లోనూ అంతా ఇంట్లో చేసింది కాదు. రిగ్బీ తన బోల్ట్ రైఫిళ్ళకి జర్మనీ మౌజర్ కంపెనీ యాక్షన్లు తెప్పించుకునేది. .275 రిగ్బీ అని పేరున్న తూటా నిజానికి మౌజర్ 7×57. రీబ్రాండింగ్ మన ఫోన్ కంపెనీలు కనిపెట్టింది కాదు బాబూ.

ఇక చేదు నిజం

ఆ .275 రిగ్బీల్లో ఒకటి జిమ్ కార్బెట్‌ది. 436 మందిని చంపిందని చెప్పే చంపావత్ ఆడపులిని 1907లో కాల్చినందుకు సర్ జాన్ హ్యూవెట్ అతనికి బహుమతిగా ఇచ్చాడు. ఆ రైఫిల్ ఇప్పటికీ భద్రంగా ఉంది. 2023లో పిక్సెల్ 8కి ఏడేళ్ళ అప్‌డేట్లు అంటే మనం చప్పట్లు కొట్టాం. వందేళ్ళు దాటిన వస్తువుని ఇంకా విప్పి, బాగుచేసి, మళ్ళీ బిగించగలిగితే దాన్నేమనాలి?

కానీ ఈ రైఫిళ్ళ పేరుప్రతిష్ఠల్లో పెద్ద భాగం మనుషుల్ని కాపాడడం వల్ల వచ్చింది కాదు. రాజులు, దొరలు సరదాకి పదులు, వందల పులుల్ని కాల్చారు. 1972లో దేశం మొత్తం లెక్కపెడితే 1,827 పులులే తేలాయి. అదే ఏడాది వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, మర్నాడు ఏడాది ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. ఇక్కడ వేట ఇప్పుడు నేరం. ఆ వర్క్‌షాపుల్లో చేసిన పరికరం చెప్పిన పనిని చాలా బాగా చేసింది, సమస్య కూడా అదే.

పైగా ఆ పనికి కోటి రూపాయల రైఫిలే కావాలనీ లేదు. మన సికింద్రాబాద్ బొల్లారంలో 1910లో పుట్టిన కెన్నెత్ ఆండర్సన్ మనుషుల్ని తినే పులుల వెంట తిరిగింది ఎక్కువగా .405 వించెస్టర్‌తో. అది అమెరికాలో ఫ్యాక్టరీ లైన్ మీద తయారైన రైఫిల్.

ఫైనల్‌గా: వర్త్ ఆ, కాదా?

వేట పరికరంగా కాదు. టిక్కా లాంటిది అందులో చాలా భాగం చేసేస్తుంది. పెట్టుబడిగానూ నేను చెప్పను. మన దేశంలో ఉన్నవాళ్ళకి ఆ ప్రశ్నే లేదు.

కానీ ఇది చేసే విద్యకి మాత్రం ఆ ధర న్యాయమే అనిపిస్తుంది. వినే కస్టమర్ లేకపోతే రెగ్యులేటర్ ఉండడు, అతను పోతే ఆ విద్య ఏ మాన్యువల్ చదివినా తిరిగి రాదు. టంకం ఎంత కరగాలో, ఆప్పు ఎంత జరపాలో అతని చేతికే తెలుసు. ఆ చేతుల్ని బతికించడానికి వేటే కావాలా, గడియారమో వీణో కెమెరానో చాలదా అని మీరడిగితే, నా ఓటు కూడా వాటికే. జిమ్ కార్బెట్ కూడా తర్వాతి రోజుల్లో రైఫిల్ తగ్గించి, పులుల్ని సినీ కెమెరాతో తీయడం మొదలుపెట్టాడు.

మనం కొనే వాటికి ఇందులోంచి తీసుకోదగ్గవి మూడు ప్రశ్నలు. ఇది నా చేతికి సరిపోతుందా? పాడైతే విప్పగలమా? పదేళ్ళ తర్వాత దీన్ని బాగుచేసే మనిషి ఉంటాడా? ఈసారి ఏ ఫోన్ మీదైనా 'బెస్పోక్' అని కనిపిస్తే, ముందు ఈ మూడూ అడగండి. కలర్ సంగతి తర్వాత చూద్దాం.