ఏజెంటుకు ఏం చెబుతున్నాం? ఏజెన్సీ భూములు, ఏఐ టూల్ వివరణలు

అరకులోయలో భూమి కాగితం కోసం తిరిగేవాళ్లకు ఇప్పుడు వెబ్‌సైట్లు కూడా తప్పడం లేదు. అడంగల్, 1-బి చూడాలంటే 'మీ భూమి' పోర్టల్ తెరవాలి. ఇలాంటి పనులను మన తరఫున చేసే ఏఐ ఏజెంట్లు వచ్చాయి. అవి బ్రౌజర్‌లో పేజీ చదువుతాయి, బటన్ నొక్కుతాయి, ఫారం నింపుతాయి. హక్కుల సంఘాలు, విద్యార్థులు కూడా వీటిని తయారు చేసుకోవచ్చు. అయితే ఇందులో కోడ్ ఎంత ముఖ్యమో, టూల్ వివరణ రాయడం అంతే ముఖ్యం.

ఏజెంటును నడిపించే భాషా మోడల్‌కు ఒక టూల్‌ల జాబితా ఇస్తారు. ప్రతి టూల్‌కు పేరు, వివరణ, ఇవ్వాల్సిన సమాచారం ఉంటాయి. 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లోనూ ఇదే పద్ధతి. మామూలుగా టూల్ లోపలి కోడ్ మోడల్‌కు కనిపించదు. ఏ టూల్‌ను ఎప్పుడు వాడాలో ఆ నాలుగు వాక్యాలు చదివే నిర్ణయించుకుంటుంది. అక్కడ రాయనిది ఊహించుకుంటుంది.

ఊరు ఏది, జిల్లా ఏది?

'భూమి వివరాలు తెస్తుంది' అని మాత్రమే రాశామనుకుందాం. అడంగలా, 1-బినా తెలియదు. 2022 ఏప్రిల్ 4న అరకులోయ మండలం విశాఖపట్నం జిల్లా నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి మారింది. పాత సమాచారం ఎక్కువగా చదివిన మోడల్ విశాఖపట్నాన్నే ఎంచుకోవచ్చు. మనవాళ్లు చెప్పేది గూడెం పేరు, రికార్డులో ఉండేది రెవెన్యూ గ్రామం పేరు. అందుకే వివరణ ఇలా ఉండాలి:

'సర్వే నంబరుతో అడంగల్ చూపిస్తుంది. చూడటం తప్ప దేన్నీ మార్చదు. జిల్లా: ఇప్పటి పేరు. గ్రామం: గూడెం పేరు కాదు, రెవెన్యూ గ్రామం పేరు. తెలియకపోతే మనిషిని అడుగు. సర్వే నంబరును సబ్‌డివిజన్‌తో సహా ఇవ్వు, ఉదాహరణకు 45/2.'

'దొరకలేదు' అంటే?

ఫలితం అర్థాన్ని కూడా రాయాలి. సైట్ పనిచేయకపోవడం వేరు, రికార్డు లేకపోవడం వేరు. రికార్డు లేకపోవడం వేరు, హక్కు లేకపోవడం వేరు. రిజర్వు అడవిలోని పోడు రెవెన్యూ అడంగల్‌లో కనిపించకపోవచ్చు. అయినా 2006 అటవీ హక్కుల చట్టం కింద ఆ కుటుంబానికి హక్కు ఉండొచ్చు. 'రికార్డు దొరకనంత మాత్రాన హక్కు లేదని చెప్పవద్దు' అన్న ఒక్క వాక్యం లేకపోతే, ఏజెంటు ఒక కుటుంబాన్ని 'మీకు భూమి లేదు' అని పంపించేయగలదు.

ఏ వర్గం?

క్లెయిము వివరాలు నింపే టూల్‌లో 'కులం: ఎస్టీ, ఎస్సీ, బీసీ, ఇతరులు' అని పెట్టామనుకుందాం. చట్టం విభజన అది కాదు. అటవీ నివాస షెడ్యూల్డ్ తెగలు ఒక వర్గం, ఇతర సంప్రదాయ అటవీ నివాసులు మరో వర్గం. 2005 డిసెంబరు 13 నాటికి భూమి ఆధీనంలో ఉండాలన్నది ఇద్దరికీ వర్తిస్తుంది. రెండో వర్గం దానికి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడ నివసించినట్టు కూడా చూపించాలి. అడవి మీద ఆధారపడిన దళిత కుటుంబాలు రెండో వర్గంలోకి వస్తాయి.

సాక్ష్యం విషయమూ అంతే. 'పత్రం జతచేయి' అని రాస్తే ఏజెంటు ప్రభుత్వ కాగితం కోసమే వెతుకుతుంది. నిబంధనల ప్రకారం క్లెయిమ్‌దారు కాని పెద్దల వాంగ్మూలం రాసి ఇచ్చినా సాక్ష్యమే. ఒకటికి మించిన సాక్ష్యాలు పరిశీలించాలనీ నిబంధన ఉంది. ఈ రెండూ వివరణలో ఉండాలి.

వెనక్కి తీసుకోలేని పని

చూసే టూల్, పంపే టూల్ వేర్వేరుగా ఉండాలి. పంపే టూల్ మీద 'నింపిన వివరాలు దరఖాస్తుదారుకు చదివి వినిపించి, ఒప్పుకున్నాకే వాడు. ఓటీపీ, ఆధార్ నంబరు ఊహించవద్దు' అని రాయాలి. అయితే వివరణ తాళం కాదు. ఆ అనుమతి లేకుండా ముందుకు కదలకుండా కోడ్‌లోనూ అడ్డు పెట్టాలి.

వివరణ బాగుందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. కోడ్ తెలియని, ఊరు తెలిసిన మనిషికి దాన్ని చదివి వినిపించండి. ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు, ఏం ఇవ్వాలి, ఏం తిరిగొస్తుంది అని అడగండి. వాళ్లు ఎక్కడ తడబడితే అక్కడ తిరగరాయండి. అటవీ హక్కుల విచారణ మొదలయ్యేది గ్రామసభలోనే. ఆ హక్కుల గురించి యంత్రానికి చెప్పే మాటలు కూడా ముందు ఆ సభలో వినిపించాలి.