పెద్ద టెక్స్టు ఫైళ్ళను డెస్క్‌టాప్ డేటాబేసులోకి దిగుమతి చేయుట

పెద్ద టెక్స్టు ఫైళ్ళ దిగుమతి అనగా లక్షల కొద్దీ వరుసలున్న సాదా పాఠ్య ఫైలులోని సమాచారాన్ని వ్యక్తిగత కంప్యూటరులోని డేటాబేసు పట్టికలోకి చేర్చే ప్రక్రియ. ఫైలులో ఒక్కొక్క వరుస ఒక రికార్డు అవుతుంది. వరుసలోని విలువలను కామా లేదా ట్యాబు వేరు చేస్తుంది. మైక్రోసాఫ్ట్ యాక్సెస్, ఎస్‌క్యూలైట్, లిబ్రెఆఫీస్ బేస్ మొదలైనవి ఇందుకు ఉపయోగపడతాయి. చిన్న ఫైలు విషయంలో నిమిషంలో ముగిసే ఈ పని, ఫైలు పెరిగే కొద్దీ కష్టమవుతుంది. అంతకంటే ముఖ్యంగా, పైకి కనిపించని తప్పులకు తావిస్తుంది.

సిద్దిపేట జిల్లా ఉదాహరణ

సిద్దిపేట జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. 2011 జనగణన నాటికి ఈ జిల్లా లేదు, తెలంగాణ రాష్ట్రమూ లేదు. కనుక ఈ జిల్లా గ్రామాల 2011 జనాభా వివరాలు కావలసినవారు నాటి ఆంధ్ర ప్రదేశ్ (రాష్ట్ర కోడు 28) లోని మూడు జిల్లాల నుండి వాటిని ఏరుకోవాలి. సిద్దిపేట, గజ్వేల్, దుబ్బాక తదితర ప్రాంతాలు మెదక్ (కోడు 535) లోను, హుస్నాబాద్, కోహెడ, బెజ్జంకి కరీంనగర్ (534) లోను, చేర్యాల, మద్దూరు వరంగల్ (540) లోను ఉన్నాయి. కొమురవెల్లి, మర్కూక్, రాయపోల్, అక్కన్నపేట మండలాలు 2016లో కొత్తగా ఏర్పడినవి కావడం వలన 2011 ఫైలులో మండలాలుగా కనిపించనే కనిపించవు.

దేశం మొత్తం మీద 2011 జనగణన గ్రామాలు సుమారు 6 లక్షల 40 వేలు. ప్రాథమిక జనగణన సారాంశంలో ఒక్కొక్క గ్రామానికి దాదాపు తొంభై నిలువు వరుసలుంటాయి. దీనినంతా ఒకే టెక్స్టు ఫైలుగా చేస్తే సుమారు రెండు వందల మెగాబైట్లు అవుతుంది. ఎక్సెల్ 2003లో ఒక షీటుకు 65,536 వరుసలే పట్టేవి. 2007 నుండి ఆ పరిమితి 10,48,576కు పెరిగింది. ఆ పరిమితిని దాటిన ఫైలును ఎక్సెల్‌లో తెరచి, హెచ్చరికను పట్టించుకోకుండా తిరిగి భద్రపరిస్తే మిగిలిన వరుసలు పోతాయి. డేటాబేసు అవసరం ఇక్కడే మొదలవుతుంది.

పరిమాణ పరిమితులు

యాక్సెస్ డేటాబేసు ఫైలు 2 గిగాబైట్లను మించరాదు. ఇది ఒక పట్టికకు కాదు, పట్టికలు, సూచికలు, ఫారములు అన్నీ కలిపి మొత్తం ఫైలుకు. పైన చెప్పిన ఫైలులోని సంఖ్యలను నాలుగు బైట్ల పూర్ణాంకాలుగా దాచితే 230 మెగాబైట్లు సరిపోతాయి. ఎనిమిది బైట్ల దశాంశ రకంగా దాచితే 460 అవుతుంది. తొలగించిన రికార్డుల చోటు ఫైలును "కాంపాక్ట్" చేసేవరకు తిరిగి రాదు. కాబట్టి నాలుగుసార్లు తప్పుగా దిగుమతి చేసి చెరిపివేసినవారికి, పట్టిక ఖాళీగా ఉన్నా, అయిదవసారి ఫైలు నిండిపోయిందన్న సందేశం ఎదురవుతుంది.

దీనికి మంచి ఉపాయం దిగుమతి చేయకపోవడమే. యాక్సెస్‌లో టెక్స్టు ఫైలును "లింకు" చేయవచ్చు. సమాచారం బయటి ఫైలులోనే ఉంటుంది. దానిపై ప్రశ్న రాసి 534, 535, 540 కోడులున్న వరుసలను మాత్రమే అసలు పట్టికలోకి చేర్చుకోవచ్చు. లింకు చేసిన ఫైలుకు సూచికలుండవు కనుక ప్రశ్న నెమ్మదిగా నడుస్తుంది, కానీ ఆ పని ఒక్కసారే.

ఎస్‌క్యూలైట్‌కు ఆచరణలో పరిమాణ పరిమితి లేదనే చెప్పవచ్చు. అయితే ప్రతి రికార్డును విడి లావాదేవీగా రాస్తే పని గంటలు పడుతుంది. వేల రికార్డులను ఒకే లావాదేవీలో ఉంచితే అదే పని నిమిషాలలో పూర్తవుతుంది. సూచికలను కూడా దిగుమతి ముగిసిన తరువాతే నిర్మించాలి.

నిశ్శబ్దంగా జరిగే తప్పులు

దిగుమతి ఆగిపోతే తెలుస్తుంది. తప్పుగా పూర్తయితే తెలియదు. రెండవదే ప్రమాదకరమైనది.

కోడులు చూడడానికి అంకెలైనా సంఖ్యలు కావు. 2001 జనగణనలో మెదక్ జిల్లా కోడు 04. దానిని సంఖ్యగా దిగుమతి చేస్తే 4 అవుతుంది, 04 అని వెతికే ప్రశ్నకు ఏమీ దొరకదు. కోడు ఫీల్డులన్నిటినీ ముందుగానే టెక్స్టు రకంగా ప్రకటించాలి. రకాన్ని ఊహించే పనిని ప్రోగ్రాముకు వదిలితే అది మొదటి కొన్ని వరుసలను చూసి నిర్ణయిస్తుంది, లక్షవ వరుసలో ఏముందో దానికి తెలియదు.

తేదీలలో ఇంకొక చిక్కు ఉంది. జిల్లా ఏర్పడిన తేదీని 11/10/2016 అని రాస్తే, అమెరికా పద్ధతిలో అమర్చిన కంప్యూటరు దానిని నవంబరు 10గా చదువుతుంది. దోష సందేశం రాదు. తేదీ 12ను దాటితే మాత్రం సరిగా చదివే అవకాశం ఉంది కనుక ఒకే పట్టికలో తప్పొప్పులు కలిసిపోతాయి.

మన పద్ధతిలో కామాలు పెట్టిన సంఖ్యలు కూడా ఇబ్బంది పెడతాయి. 2011లో మెదక్ జిల్లా జనాభా 30,33,288. కొటేషను గుర్తులు లేకుండా కామా ఫైలులో ఉంటే ఇది మూడు విలువలుగా విడిపోయి, ఆ వరుసలో మిగిలినవన్నీ కుడివైపుకు జరుగుతాయి.

ఇక పేర్లు. ములుగు అనే మండలం నాటి మెదక్‌లోను ఉంది, వరంగల్‌లోను ఉంది. సిద్దిపేట జిల్లాకు ఆ రెండు జిల్లాల నుండీ గ్రామాలు తీసుకోవాలి గనుక, మండలం పేరుతో ఏరితే గోదావరి వైపున్న ములుగు గ్రామాలు కూడా వచ్చి చేరతాయి. ఆ ములుగు 2019లో వేరే జిల్లాకు కేంద్రమైంది. కనుక ఏరిక గ్రామ కోడు ఆధారంగానే జరగాలి. కొత్త మండలాలకు, పాత గ్రామ కోడులకు సంబంధం చూపే చిన్న పట్టికను చేతితో తయారుచేసుకోవడం శ్రమ అయినా తప్పదు.

తెలుగు లిపి

యూనికోడులో తెలుగుకు 0సీ00 నుండి 0సీ7ఎఫ్ వరకు స్థానాలు కేటాయించబడినవి. యూటీఎఫ్-8లో ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు పడతాయి. "సిద్దిపేట" అనే పదంలో గుణింతపు గుర్తులు, పొల్లు కలిపి తొమ్మిది సంకేతాలు, అనగా 27 బైట్లు. దిగుమతి సమయంలో యూటీఎఫ్-8ను ఎంచుకోకపోతే పేర్ల స్థానంలో అర్థంలేని లాటిన్ అక్షరాలు వస్తాయి. పెద్ద ఫైలును ముక్కలు చేయవలసివస్తే వరుస చివరనే కోయాలి, బైట్ల లెక్కన కోస్తే అక్షరం మధ్యలో తెగవచ్చు. శీర్షిక వరుస మొదటి ముక్కలోనే మిగులుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

సరిచూచుట

ముందుగా ఫైలులోని వరుసల సంఖ్యను, పట్టికలోని రికార్డుల సంఖ్యను పోల్చాలి. శీర్షికకు ఒకటి తీసివేయాలి. యాక్సెస్ చేర్చలేకపోయిన విలువల జాబితాను వేరొక పట్టికలో ఉంచుతుంది, దానిని చదవకుండా చెరపరాదు. తరువాత మొత్తాలను చూడాలి. జనగణన ఫైలులో రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం, పట్టణం, వార్డు అన్ని స్థాయిల వరుసలూ కలిసే ఉంటాయి. అన్నిటినీ కూడితే జనాభా అనేక రెట్లు అవుతుంది. కోడు 535లో గ్రామాలను, పట్టణాలను మాత్రమే కూడినప్పుడు 30,33,288 రావాలి. ఆ సంఖ్య వచ్చిన తరువాతే సిద్దిపేట గ్రామాలను వేరుచేయడం మొదలుపెట్టాలి.