గుర్రం క్షేమమే జట్టు గెలుపు

రాజోలి కోట పక్కగా తుంగభద్ర ప్రవహిస్తున్నది. ఆవలి గట్టు కర్నూలు జిల్లా. ఈ ఊరి పేరు వినగానే చేనేత మగ్గాలు గుర్తుకు వస్తాయి. 2009 అక్టోబరులో ఊరిని ముంచెత్తిన వరద కూడా గుర్తుకు వస్తుంది. గుర్రం మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల పిల్లలు నేడు గుర్రాన్ని చూసేది పెళ్లి బరాత్‌లో మాత్రమే. పూసల ముసుగు కింద, బాణసంచా మధ్య, బ్యాండు మేళం హోరులో అది తల వంచుకుని నిలబడి ఉంటుంది.

ఒకప్పుడు దక్కను నేల ఇలా లేదు. భీమా నదీలోయలో మేలుజాతి అరబ్బీ గుర్రాలకు స్థానిక పొట్టి గుర్రాలను జతచేసి పెంచిన భీమ్‌థడీ గుర్రాలు ఎగుడుదిగుడు దారుల్లో అలుపెరుగక నడిచేవి. మొదటి ప్రపంచయుద్ధంలో హైదరాబాద్ లాన్సర్ల అశ్వదళం పాలస్తీనా రణరంగం దాకా వెళ్లింది. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకంలో నిలిచిన మూడు విగ్రహాలలో ఒకటి ఆ హైదరాబాద్ దళానిదే. యుద్ధాలు పోయాయి, గుర్రం సైన్యం నుండి తప్పుకుంది. అయితే దూరప్రయాణంలో గుర్రానికీ రౌతుకూ ఉండవలసిన ఓర్పు ఇప్పుడు ఒక క్రీడగా నిలిచింది. దానినే ఎండ్యూరెన్స్ స్వారీ అంటారు.

ఈ క్రీడను మన ఇళ్లలో చర్చకు తెచ్చిన అమ్మాయి కేరళలోని మలప్పురం జిల్లాకు చెందిన నిదా అంజుమ్ చేలాట్. 2023 సెప్టెంబరులో ఫ్రాన్స్ దేశంలోని కాస్తెల్‌సగ్రాలో జరిగిన జూనియర్, యువ రౌతుల ప్రపంచ పోటీలో ఆమె 120 కిలోమీటర్ల దారిని 7 గంటల 29 నిమిషాల్లో పూర్తిచేసింది. మరుసటి ఏడాది అదే దేశంలోని మోంపాజియేలో పెద్దల విభాగంలో 160 కిలోమీటర్లు నడిపింది. మహబూబ్‌నగర్ నుండి హైదరాబాద్‌కు దాదాపు 100 కిలోమీటర్లు. అంతకు ఒకటిన్నర రెట్ల దూరాన్ని ఒకే పగటిపూట, ఒకే గుర్రంపై దాటడమంటే ఏమిటో ఊహించుకోవచ్చు.

ఈ పోటీ రేసుకోర్సు పందెం వంటిది కాదు. దారిని కొన్ని అంచెలుగా విభజిస్తారు. ప్రతి అంచె చివర పశువైద్యుల తనిఖీ ఉంటుంది. గుర్రం నిర్ణీత వ్యవధిలో, సాధారణంగా పదిహేను నిమిషాల్లోపు, సేదదీరి గుండె వేగాన్ని నిమిషానికి 64 కొట్టుకోళ్లకు తగ్గించుకోవాలి. ఆ తరువాత వైద్యుడు దాని చర్మాన్ని చిటికెడు పట్టి వదిలి, ఒంట్లో నీరు తగ్గిందేమో చూస్తాడు. చిగుళ్ల రంగు చూస్తాడు, పేగుల శబ్దం వింటాడు. చివరగా గుర్రాన్ని తిన్నగా కొంతదూరం పరుగెత్తించి కుంటుతున్నదా అని పరిశీలిస్తాడు. వీటిలో ఏది సరిగా లేకపోయినా ఆ గుర్రం ప్రయాణం అక్కడితో ముగుస్తుంది. అందరికంటే ముందు గమ్యం చేరినవాడైనా, చివరి తనిఖీలో గుర్రం నెగ్గకపోతే ఓడినట్లే.

కొత్తవారికి ఈ క్రీడలో ప్రత్యేకమైన మెట్లు ఉన్నాయి. తొలుత 40 కిలోమీటర్లు, తరువాత 80 కిలోమీటర్లు. ఈ దశలో వేగానికి హద్దు ఉంటుంది. అర్హత పొందాలంటే సగటు వేగం గంటకు 16 కిలోమీటర్లు మించకూడదు. అంటే కొత్తగా వచ్చినవాడికి ఈ క్రీడ నేర్పే మొదటి పాఠం తొందరపడకపోవడం. జట్టు పోటీల్లో ఈ పాఠం మరింత బలంగా పనిచేస్తుంది. పెద్ద పోటీల్లో జట్టుకు నలుగురైదుగురు రౌతులుంటారు. వారిలో మంచి కాలం నమోదుచేసిన ముగ్గురి సమయాలను కూడి ఫలితం ప్రకటిస్తారు. ముగ్గురు కూడా గమ్యం చేరకపోతే ఆ జట్టుకు స్థానమే లేదు. ఒక్కడు మెరుపులా దూసుకుపోయి గుర్రాన్ని అలసటపాలు చేస్తే, ఆ నష్టం జట్టంతటిదీ అవుతుంది.

గద్వాల చీర నేసేవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. నూలు ఒంటినీ పట్టు అంచునూ కలిపి నేసేటప్పుడు మగ్గం వద్ద ఇద్దరి చేతులు ఒకే లయలో కదలాలి. ఒకరు తొందరపడితే పోగు తెగుతుంది. తెగిన పోగు ఎవరిదని ఎవరూ అడగరు, చీర చెడిందని మాత్రమే అంటారు.

ఇక్కడ అసలైన పరీక్ష ఎదురవుతుంది. ఒక జట్టులో పదహారేళ్ల అమ్మాయి ఉందనుకుందాం. మిగిలిన దారి పది కిలోమీటర్లు. ఆమె చేరితేనే జట్టుకు పతకం. కాని గుర్రం అడుగు కొంచెం తేడాగా పడుతున్నట్లు ఆమెకు అనిపిస్తుంది. అది ఇంకా ఎవరి కంటా పడలేదు. ఆమె దిగి గుర్రాన్ని నడిపించుకుంటూ వెనుకకు వస్తే తోటివారు ఏమనాలి? ఇంటికి వచ్చాక తల్లిదండ్రులు ఏమనాలి? ఆ ఇంటి తర్బియత్ ఎలాంటిదో ఆ క్షణంలో తేలుతుంది.

కొత్తవారికి వేరే దూరం, తర్ఫీదు పొందిన గుర్రాలకు వేరే దూరం అన్న ఏర్పాటు నేటి క్రీడా సంఘాలు కనిపెట్టినది కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనాలో గుర్రపు పందేలు నిర్వహించిన వైనాన్ని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) తెలియజేశారు. ఆ ఉల్లేఖనం బుఖారీ గ్రంథంలో ఉంది. తర్ఫీదు పొందిన గుర్రాలకు హఫ్యా నుండి సనియ్యతుల్ విదా వరకు, అంటే అయిదారు మైళ్ల దూరం నిర్ణయించారు. తర్ఫీదు లేని గుర్రాలకు సనియ్యతుల్ విదా నుండి బనూ జురైఖ్ మస్జిద్ వరకు, అంటే ఒక మైలు మాత్రమే. మొదట బాగా మేపి, తరువాత మేత తగ్గించి, దుప్పటి కప్పి చెమట పట్టించి గుర్రాన్ని దృఢపరచడమే ఆనాటి తర్ఫీదు. అది లేని జంతువుపై అయిదు మైళ్ల భారం వేయలేదు. శక్తిని బట్టి పరీక్ష పెట్టడం కారుణ్యంలో భాగం.

ఓటమిని స్వీకరించే తీరును కూడా మనం ఆ జీవితం నుండే నేర్చుకుంటాము. దైవప్రవక్త (స) ఒంటె అద్‌బాను ఎవరూ దాటలేరని పేరుండేది. ఒకనాడు ఒక పల్లెవాసి తన పడుచు ఒంటెపై వచ్చి దానిని దాటిపోయాడు. ముస్లింలకు అది బాధ కలిగించింది. లోకంలో పైకెదిగిన ప్రతిదానినీ అల్లాహ్ ఒకనాడు కిందికి దించుతాడని చెప్పి ఆయన వారిని ఓదార్చారు.

బహుమతి విషయంలోనూ హద్దు స్పష్టంగా ఉంది. పాల్గొనని మూడో పక్షం గెలిచినవారికి బహుమతి ఇవ్వడాన్ని ధర్మపండితులు అనుమతించారు. పోటీదారులందరూ సొమ్ము వేసి, గెలిచినవాడు మొత్తం పట్టుకుపోవడం, చూసేవారు పందెం కాయడం జూదమే. పిల్లలను ఏ పోటీకి పంపినా ముందుగా విచారించవలసిన సంగతి ఇది.

ఈ క్రీడకు చీకటి కోణం లేదని చెప్పడం న్యాయం కాదు. చదునైన ఎడారి బాటలపై పెద్ద బహుమతుల కోసం గుర్రాలను అతివేగంగా ఉరికించగా, ఎముకలు విరిగి ప్రాణాలు పోయిన ఘటనలు జరిగాయి. 2015 మార్చిలో అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య, గుర్రాల సంక్షేమం కారణంగానే యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ సమాఖ్యను కొన్ని నెలలపాటు సస్పెండ్ చేసింది. 2016లో దుబాయిలో జరగవలసిన ప్రపంచ పోటీ స్లొవాకియాకు తరలింది. గుర్రాన్ని ప్రాణంగా ప్రేమించిన అరబ్బు నేలకే ఈ మాట రావడం మనకు బాధాకరం. దాచిపెట్టడం కంటే గుణపాఠం తీసుకోవడం మేలు.

అశ్వశాలకు పిల్లలను పంపదలచిన తల్లిదండ్రులు కొన్ని విషయాలు స్వయంగా చూసుకోవాలి. పిల్లల తలకు సరైన హెల్మెట్ ఉందా? పాదం చిక్కుకోని మడమ బూట్లు ఉన్నాయా? గుర్రాలకు నీడ, నీళ్లు అందుతున్నాయా? జీను తీసినప్పుడు వీపుపై పుండ్లు కనిపిస్తున్నాయా? శిక్షకుడు స్వారీ ఒక్కటే నేర్పుతున్నాడా, లేక గుర్రానికి మాలిష్ చేయడం, డెక్కలు శుభ్రపరచడం కూడా పిల్లల చేతనే చేయిస్తున్నాడా? చాకిరీ చేయని చేతికి కళ్లెం అప్పగించకూడదు.

ఇక గుర్రం ఎక్కే అవకాశమే లేని మన రాజోలి వంటి ఊళ్ల సంగతి ఏమిటి? మనకూ ఒక పరీక్ష ఉంది. జంతువుల వీపులను వేదికలుగా చేసుకుని ఊరకే కూర్చోవద్దని దైవప్రవక్త (స) వారించారు. బరాత్‌లో గంటల తరబడి పెళ్లికొడుకును మోస్తూ, చెవుల దగ్గర టపాసులు పేలుతుంటే నిలబడే గుర్రాన్ని చూసినప్పుడు ఆ హితవు గుర్తుకు రావాలి. దాని యజమానికి కిరాయి చెల్లించే ముందు ఒక బక్కెట నీళ్లు పెట్టించండి. టపాసులు ఆపించండి. వీలైతే ఆ ఊరేగింపునే మానుకోండి. పెళ్లికి బరకత్ గుర్రం వీపు మీద రాదు.

గుర్రాల నుదుటి జుట్టుకు ప్రళయదినం వరకు శుభం ముడిపడి ఉందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఆ శుభానికి తగినట్లుగా మసలుకునే మనసును అల్లాహ్ మనకూ మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.