గండికోటలో గాదెయు కోనేరును

కోట యనగానే మనకు బురుజులును, ఫిరంగులును, రాజుల కయ్యములును తలపునకు వచ్చును. చరిత్ర గ్రంథములును వానినే విరివిగా వర్ణించును. కాని శత్రువు చుట్టుముట్టి నెలల తరబడి కూర్చుండినపుడు కోటలోనివారు ఏమి తినిరి, ఏ నీరు త్రాగిరి యను ప్రశ్న ఇల్లు నడుపు స్త్రీకి సహజముగా తోచును. గండికోటను చూచినపుడు మా మనస్సును విడువక పట్టుకొన్న ప్రశ్న యిదియే.

వై.యస్.ఆర్. కడప జిల్లాలో జమ్మలమడుగునకు పడమటగా సుమారు 15 కిలోమీటర్ల దూరమున, ఎఱ్ఱమల కొండలమీద ఈ కోట యున్నది. పెన్నానది కొండను నిలువున చీల్చుకొని పారుటచే నేర్పడిన గండియే దీనికి పేరిచ్చినది. ఒక దిక్కున ఆ లోయయే అగడ్తవలె కాపాడుచుండగా తక్కిన దిక్కుల ఎఱ్ఱరాతి ప్రాకారము నిలిచియున్నది. ఇనుప మేకులు తాపిన పెద్ద తలుపులు దాటి లోనికి పోగా మొట్టమొదట కనబడునది ఒక చిన్న పల్లె. ముంగిట ముగ్గులు, నీడను కట్టివేసిన మేకలు, అరుగులమీద ముసలివారు! రాజులు పోయినను సంసారములు పోలేదు.

విజయనగర ప్రభువుల కాలమున పెమ్మసాని నాయకులు ఈ దుర్గమును ఏలిరి. 1652లో టావెర్నియే యను ఫ్రెంచి వర్తకుడు ఇచ్చటికి వచ్చెను. గోలకొండ సేనాని మీర్ జుమ్లా మూడు నెలలు ముట్టడించి, కొలది దినములకు ముందే కోటను పట్టుకొనెనని ఆతడు వ్రాసియున్నాడు. పైకి పోవుటకు ఒక్కటే దారి యుండెననియు, అదియు కొన్ని తావుల ఏడెనిమిది అడుగుల వెడల్పే యనియు, దాని ప్రక్కనే భయంకరమైన లోయ యనియు చెప్పెను. ఆ వర్తకుడు మరియొక సంగతిని కూడ గమనించెను. కొండమీద చిన్న మైదానము గలదట; అందు వరియు చిరుధాన్యములును పండుచుండెనట; ఊటలనీరు వానికి పారుచుండెనట. మా ప్రశ్నకు సగము సమాధానమిచ్చటనే దొరకినది.

తక్కిన సగము కోట నడుమనున్న ధాన్యాగారమువద్ద దొరకును. దళసరి గోడలు, కమాను కప్పు గల ఆ కట్టడమును చూచిన యే గృహిణికైనను తన యింటి గాదె జ్ఞప్తికి రాకమానదు. చెంతనే రంగనాథస్వామి ఆలయమును, జామియా మసీదును ఉన్నవి. మసీదు నెదుట మెట్లు గట్టిన కోనేరు. యోధులు నెత్తుటి కత్తులను ఇందు కడిగిరను వాడుకచే దీనిని కత్తుల కోనేరందురు. కత్తుల కథ యెట్లున్నను, వానచినుకును వృథా చేయక కొండమీద నిలువజేసిన ఆ పూర్వుల ముందుచూపునకు మేము నమస్కరించితిమి.

కొంతదూరమున మాధవరాయస్వామి ఆలయ గోపురము ఎఱ్ఱని రాతితో ఆకసమునంటుచున్నది. లోని మండపములందలి శిల్పము కన్నుల పండువు. గర్భగుడి మాత్రము శూన్యము. ఇచ్చట టావెర్నియే చెప్పిన మరియొక కథ తలపునకు వచ్చును. మీర్ జుమ్లా దేవాలయములలోని రాగి విగ్రహములను తెప్పించి, మాయే యను ఫ్రెంచివానిచే వానిని కరగించి ఫిరంగులు పోయింపదలచెనట. గండికోట గుడిలోని ఆరు విగ్రహములు మాత్రము ఎంత మంట పెట్టినను కరగలేదట. తుదకు ఒక్క ఫిరంగియు సరిగా కుదరలేదట. అర్చకులు మంత్రము వేసిరని ఆనాడు నింద మోపిరి. మంత్రమో, కొలిమిలోని లోపమో, దైవము ఆయుధముగా మారుటకు ఒప్పుకొనలేదని తలచుట మనకు తృప్తి.

ఇప్పుడీ కోటకు ముట్టడి మరియొక విధమున వచ్చుచున్నది. లోయ సొగసును చూడ సెలవుదినములందు జనులు బండ్లమీద తండోపతండములుగ వత్తురు. వారివలన పల్లెలో కొందరికి జీవనము దొరకుట మంచిదే. కాని తిని పారవేసిన పొట్లములు, నీటి సీసాలు రాళ్లసందులలో నిండుచున్నవి. గోడలమీద పేర్లు చెక్కినవారును గలరు. శత్రువుల కాలమునను కాపాడుకొన్న నీటిని మిత్రులమై వచ్చి మనము మలినపరుపవచ్చునా?

చూడగోరు సోదరీమణులు చలికాలమున, ప్రొద్దుటివేళ పోవుట మేలు. ఎండ ముదిరినచో బండలు కాలును. త్రాగునీరు వెంట కొనిపోవలెను. ఖాళీ పాత్రలను వెంటనే తిరిగి తెచ్చుకొనవలెను. లోయ యంచున బిడ్డల చేయి విడువరాదు. పల్లె నడుమ నడచునపుడు అది యొకరి యిల్లని, ఒకరి వాకిలియని మరువరాదు. తిరిగి వచ్చిన పిమ్మట బిడ్డలకు ఫిరంగుల కథతోపాటు గాదె కథయు, కోనేటి కథయు చెప్పుడు. కోట యేల నిలిచెనో వారికి అప్పుడు బోధపడును.