సోవియట్ జోకులు: అపోహలు – వాస్తవాలు

ఒకప్పుడు మన బడిపిల్లల పుస్తకాలకు ‘సోవియట్ భూమి’ పత్రిక కాగితాలే అట్టలు. ఆ రంగుల బొమ్మల్లో అందరూ నవ్వుతూ ఉండేవారు. తర్వాత గులాగ్ నిర్బంధ శిబిరాల కథలు చదివినవాళ్లకు మాత్రం అక్కడ నవ్వన్నదే లేదనిపించింది. రెండూ నిజం కావు.

అపోహ: భయంతో జనం నవ్వడమే మానేశారు.

వాస్తవం: జనం బాగా నవ్వుకున్నారు, కాకపోతే గొంతు తగ్గించి. సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ కాలంలో లక్షల కుటుంబాలు, వేరే కుటుంబాలతో వంటగది పంచుకునే ఉమ్మడి ఇళ్లు వదిలి సొంత ఫ్లాట్లలోకి మారాయి. తలుపు వేసుకుని నమ్మకస్తులతో మాట్లాడుకోవడానికి చిన్నదో పెద్దదో ఓ వంటగది దొరికింది. జోకులకు సరుకు మాత్రం బయట క్యూలలోనే దొరికేది. ఒకావిడ దుకాణానికి వెళ్లి “మీ దగ్గర చేపలు లేవా?” అని అడుగుతుంది. “మా దగ్గర లేనిది మాంసమండీ. చేపలు లేని కొట్టు ఎదురుగా ఉంది” అంటాడు కొట్టువాడు. ఇంకో జోకులో కారుకు డబ్బు కట్టినవాడికి పదేళ్ల తర్వాతి తేదీ ఇస్తారు. “పొద్దున రావాలా, సాయంత్రమా?” అంటాడు. ఇప్పుడే ఎందుకని అడిగితే, “ఆ రోజు పొద్దున ప్లంబర్ వస్తానన్నాడు” అంటాడు. అమెరికా అధ్యక్షుడు రీగన్ ఈ జోకును సభల్లో చెప్పేవాడు. నా దృష్టిలో ఆ ఎదురుచూపులో బతికినవాళ్ల నోట విన్నప్పుడే దాని బరువు తెలుస్తుంది.

అపోహ: ప్రభుత్వం హాస్యాన్ని నిషేధించింది.

వాస్తవం: ‘క్రొకోదిల్’ అనే హాస్యపత్రికను 1922 నుంచి ప్రభుత్వమే నడిపింది. హాస్యనటుడు అర్కాదీ రాయ్‌కిన్ వేదిక మీద సరుకుల కొరతను, అధికారుల బద్ధకాన్ని వెక్కిరిస్తే హాళ్లు నిండేవి. గుమస్తాను, మేనేజరును ఏమన్నా చెల్లేది. పార్టీని, నాయకుణ్ణి అనకూడదు.

అపోహ: జోకు చెబితే ఏ కాలంలోనైనా సైబీరియాయే.

వాస్తవం: శిక్ష కాలాన్ని బట్టి మారింది. స్టాలిన్ హయాంలో శిక్షాస్మృతిలోని 58వ అధికరణం పదో క్లాజు ‘సోవియట్ వ్యతిరేక ప్రచారం’ పేరుతో జోకులను కూడా పట్టుకుంది. జోకే కానక్కర్లేదు: స్నేహితుడికి రాసిన ఉత్తరాల్లో స్టాలిన్‌ను తక్కువ చేసి రాసినందుకు, అప్పట్లో సైన్యంలో కెప్టెన్‌గా ఉన్న రచయిత సోల్జెనిత్సిన్‌ను 1945 ఫిబ్రవరిలో అరెస్టు చేసి, ఎనిమిదేళ్ల శిక్ష వేశారు. తర్వాత వచ్చిన నాయకుడు బ్రెజ్నేవ్ కాలానికి ఉత్త జోకుకు జైలు అరుదైంది. కానీ 1966లో చేర్చిన 190-1 అధికరణం కింద, వ్యవస్థపై తప్పుడు ప్రచారమంటూ మూడేళ్లదాకా జైలుకు పంపే వీలుండేది.

అపోహ: జోకులే ఆ ప్రభుత్వాన్ని కూల్చాయి.

వాస్తవం: పార్టీ సభ్యులూ అవే జోకులు చెప్పుకుని, మర్నాడు సమావేశంలో చేతులెత్తి ఓటేశారు. ఆ నవ్వు తిరుగుబాటు కాదు. అలాగని దాన్ని తేలిగ్గా తీసేయడం అన్యాయం. పత్రికలు రాయని నిజాన్ని జనం ఒకరికొకరు చెప్పుకున్న దారి అది.

ఆ అధికరణాల కింద శిక్షపడ్డవారికి నేరం నుంచి విముక్తి కలిగిస్తూ రష్యా 1991 అక్టోబరు 18న చట్టం చేసింది. వారిలో చాలామంది అప్పటికే చనిపోయారు.